కోసే చెయ్యి

పుంజును పట్టుకోవడం బయమ్మకు కష్టం కాలేదు. పొద్దున్నే గంప కొంచెం పైకెత్తి చెయ్యి పెట్టింది, కాళ్ళు దొరకబుచ్చుకుంది, అయిపోయింది. అసలు తంటా ఆ తర్వాత వచ్చిపడింది. పట్టిన పుంజును కోసేదెవరు?

ఇంట్లో మగదిక్కు లేని ఆడమనిషి కోడికూర తినాలంటే ఎన్ని గడపలు ఎక్కి దిగాలో మగవాళ్ళకు తెలియదు. కంబదూరు పక్కనున్న ఆ పల్లెలో ఆడవాళ్ళు కోళ్ళను పొదిగిస్తారు, పిల్లల్ని గద్ద తన్నుకుపోకుండా రోజంతా కాపలా కాస్తారు. ఎవరైనా కోసి చేతికిస్తే చాలు, బొచ్చు పీకి, మంటమీద కాల్చి, పసుపు రాసి, ముక్కలు కొట్టి, ఊరంతా గుమాయించేలా వండుతారు. మెడమీద కత్తి మాత్రం పెట్టరు. ఆడది ప్రాణం తీయకూడదట. తీయించొచ్చు, వండొచ్చు, ఎముక కూడా వదలకుండా తినొచ్చు, దానికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పరు. బయమ్మ కూడా యాభై దాటేదాకా ఈ ఏర్పాటులో తప్పేముందని ఎప్పుడూ ఆలోచించిన మనిషి కాదు.

ఆరోజు ఆమె చెల్లెలు రామక్క వస్తోంది. మామూలుగా వచ్చిపోయే చెల్లెలైతే ఇంత హైరానా ఉండేది కాదు. అక్కాచెల్లెళ్ళకు మాటలు లేక చాలా ఏళ్ళయింది. ఆస్తి తగాదా కూడా కాదు, మెడకాయ ముక్క దగ్గర వచ్చిన తగాదా. రామక్క మొగుడితో కలిసి చిలమత్తూరు నుంచి వచ్చినప్పుడు, బయమ్మ వడ్డించే తొందరలో మరిది గిన్నెలో మెడకాయ ముక్క వేసి పైన ఉత్త పులుసు పోసింది. తొడముక్కలు రెండూ తన మొగుడి గిన్నెలో తేలాయి. "మా ఆయన నీకు అంత అగ్గువైపాయనా" అని రామక్క తింటున్న చెయ్యి కడిగేసుకుని లేచిపోయింది. వినేవాళ్ళకు నవ్వు రావచ్చు. కానీ ఆ సీమలో ఎవరి గిన్నెలో ఏ ముక్క పడిందో మనవల కాలం దాకా గుర్తుంటుంది.

తర్వాత బయమ్మ మొగుడు పోయాడు. నిరుడు రామక్క మొగుడూ పోయాడు. బయమ్మ చిలమత్తూరు దాకా వెళ్ళి, శవం పక్కన కూర్చున్న చెల్లెలి భుజం మీద చెయ్యి వేస్తే, రామక్క ఆ చేతిని తోసెయ్యలేదు గాని తలెత్తి చూడనూ లేదు. అలాంటిది, వారం కింద ఫోన్ చేసింది. "కళ్యాణదుర్గంలో కంటి డాక్టరుకు చూపించుకోవల్ల. బుధవారం వస్తాండా. అట్లే నీ దగ్గరికొచ్చి ఇంత తిని పోతా" అంది. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడలేదు. బయమ్మ వారమంతా ఆ మాటే తలుచుకుంది. పిల్లాజెల్లా లేని ఇల్లు. ఫోన్ మోగితే కంపెనీవాళ్ళే తప్ప తనవాళ్ళెవరూ ఉండరు. నిద్ర లేచినప్పటినుంచి పడుకునేదాకా ఆమె నోరు తెరిచేది కోళ్ళను అదిలించడానికే. ఇప్పుడు తోబుట్టువు వచ్చి తన ఇంట్లో ఇంత తిని పోతానంటోంది. నాటుకోడి పులుసు, రాగిసంగటి పెట్టకపోతే ఎలా? ఈసారి వడ్డనలో పొరపాటు జరిగితే మరోసారి వస్తుందన్న ఆశ ఉండదు.

బుడేన్ సాబ్ బతికుంటే ఈ తిప్పలే లేవు. ఊళ్ళో ఎవరి కోడైనా ఆయనే కోసిపెట్టేవాడు. హిందువులు, సాయిబులు అనేది ఉండేది కాదు. కోడికి రెండు చుక్కలు నీళ్ళు తాగించి, పెదవులు కదిలీ కదలనట్టు ఏదో చదివి, ఒక్క లాగుతో పని ముగించేవాడు. ఆయన చదివిన మాటలతోనే ఆ పాపం ఎటో కొట్టుకుపోయిందని అందరూ అనుకునేవాళ్ళు. ఆయన పోయాక కొడుకు అనంతపురంలో బైకులు రిపేరు చేసుకుంటున్నాడు. ఇంటికి తాళం. అప్పటినుంచి బయమ్మ ఇంట్లో కోడి తెగలేదు. అడిగితే నోరు చవి చచ్చిందనేది. ఒక్కదాని కోసం కోడెందుకన్నది అసలు సంగతి.

పుంజును చంకలో పెట్టుకుని ముందు పక్కింటికే వెళ్ళింది. ఓబిలేష్ వాకిట్లో మోటారు విప్పి పెట్టుకున్నాడు. పాతికేళ్ళ కుర్రాడు, చేతుల్లో బలముంది.

"ఓబిలేసా, దీన్ని రవంత కోసిచ్చి పోప్పా."

ఓబిలేష్ చేతిలోని స్పానర్ కింద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగాడు. "మా ఆడమనిషి కడుపుతో ఉండాది గదా పెద్దమ్మా. నేను కత్తి పట్టకూడదు. మొన్న గుళ్ళో టెంకాయ గూడా మా నాయన చేతనే కొట్టించినా."

"మీ నాయన్నే పిలువు మరి."

"బెంగుళూరుకు పాయ. ఆడ బిల్డింగు కాడ వాచ్‌మెన్ పని దొరికె."

అదీ నిజమే. వాన మొహం చాటేసిన ఏడు ఊళ్ళో మగవాళ్ళు సగం మంది బెంగళూరులోనే ఉంటారు. బయమ్మ వెనక్కి తిరిగింది. ఓబిలేష్ గొంతు తగ్గించి పిలిచాడు. "కూర అయినాక ఒక గిన్నె పంపించు పెద్దమ్మా. పాపం దానికి ఏం తిన్నా నోటికి హితవు లేదంటాంది."

"కోసేదానికి అడ్డమొచ్చిన కడుపు తినేదానికి రాదా?" అంది బయమ్మ. కోపంతో కాదు. గిన్నె పంపకుండా ఉండే మనిషి కాదని ఆమెకూ తెలుసు, వాడికీ తెలుసు.

రోడ్డు మీద తిప్పేస్వామి చికెన్ సెంటర్ ఉంది. అక్కడైతే చిటికెలో పని అనుకుంది గాని, షట్టరు సగం దించి ఉంది, గూళ్ళు ఖాళీగా ఉన్నాయి. తిప్పేస్వామి నల్లబట్టలు కట్టుకుని, నుదుట విభూతితో, అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పుంజును చూడగానే చటుక్కున తల ఆకాశం వైపు తిప్పేసుకున్నాడు.

"మాలలో ఉండానక్కా. దాన్ని నా ముందరికి తేవద్దు."

"మొన్నటిదాకా గంపలకు గంపలు కోస్తాంటివి గదప్పా."

"అది వేరే లెక్క. మాల ఏసుకున్నాక చీమను గూడా తొక్కకూడదు." మేఘాలతో మాట్లాడుతున్నట్టే చెబుతున్నాడు. "జ్యోతి చూసి వచ్చినాక రా, నేనే కోసిస్తా."

"మా చెల్లెలు మధ్యాన్నం బస్సుకొస్తాంది. నువ్వు కొండ దిగేదాకా ఆకలి ఆపుకోమని చెప్పాల్నా?"

"కంబదూరుకు పో అక్కా, ఆడ కోస్తారు."

"పొద్దుటి బస్సు పాయ. ఇంగ వచ్చే బస్సులో ఆమే దిగుతాది."

తిప్పేస్వామి మేఘాల మీదనుంచి చూపు దించలేదు. చెడ్డవాడు కాదు, ఇంకోరోజైతే డబ్బు కూడా తీసుకోకుండా కోసిచ్చేవాడు. ఈ దీక్ష నాళ్ళు అయ్యాక మళ్ళీ అదే కత్తి పడతాడు. ఈ నాళ్ళలో మాత్రం కోడికి ప్రాణముందని అతనికి గట్టిగా గుర్తుంటుంది. ఆ గుర్తు ఏడాదికి కొన్నాళ్ళే ఎందుకుంటుందో బయమ్మకు అర్థం కాలేదు.

ఎలాగూ మసాలాలు కావాలి కదా అని శెట్టమ్మ అంగడికి నడిచింది. వరలక్ష్మమ్మ అంటే ఊళ్ళో ఎవరికీ తెలియదు, శెట్టమ్మ అంటేనే తెలుస్తుంది. మొగుడు కళ్యాణదుర్గం మండీలో ఉంటే, ఇక్కడ అంగడి ఆమే చూసుకుంటుంది. వాళ్ళది గుడ్డు కూడా ముట్టని ఇల్లు.

"ఆడే ఆగు బయమ్మా, దాంతో గడప ఎక్కొద్దు" అంది శెట్టమ్మ కూర్చున్న చోటినుంచే. ధనియాలు, చెక్కా లవంగం, ఎండుకొబ్బరి కావాలని బయమ్మ బయటినుంచే చెప్పింది. శెట్టమ్మ పొట్లాలు కడుతూ పుంజు వైపు చూసింది. "అయ్యో, ఎట్ల చూస్తాందో చూడు. నోరు లేని జీవి. ఎట్ల చేతులొస్తాయే తల్లీ మీకు?"

"ఎవురికీ చేతులు రావడం లేదు శెట్టమ్మా పొద్దున్నుంచి. అదే నా బాధ."

శెట్టమ్మ నవ్వలేదు. "గసాలు గూడా తీసుకో. నాటుకోడికి గసాలు లేకపోతే పులుసు చిక్కపడదు" అంది.

"తినకుండానే నీకెట్ల తెలుసు?"

"అమ్మేదాన్ని గదా, తెలీకుండా ఉంటాదా?"

పొట్లాలు అందుకోవడానికి వంగినప్పుడు బయమ్మకు బియ్యం మూటల సందున ఒక అట్ట కనిపించింది. దానికి పూసిన జిగురులో చిన్న ఎలుకపిల్ల ఇరుక్కుని ఉంది. ఇంకా చావలేదు. పొట్ట ఎగిరెగిరి పడుతోంది. శెట్టమ్మ ఆమె చూపు పసిగట్టి మూటను కాలితో ముందుకు జరిపింది. "ఏం చేయల్ల మరి? ఊరకుంటే మూటలన్నీ కొరికి పెడతాయి. అయినా దాన్ని మేమేమన్నా తింటామా?"

బయమ్మ పొట్లాలు కొంగులో మూటకట్టుకుంది. తినడానికి చంపితే పాపం, తినకుండా పారేయడానికి చంపితే కాదా? పుంజు ఒక్క క్షణంలో పోతుంది, ఆ ఎలుకపిల్ల సాయంత్రం దాకా అలాగే కొట్టుకుంటుంది. శెట్టమ్మ మంచి మనిషే. ఎండాకాలంలో అంగడి ముందు పిట్టలకు మూకుట్లో నీళ్ళు పెడుతుంది. బయమ్మను అడిగితే తానూ మంచిదాన్నే అంటుంది. అందరూ మంచివాళ్ళే అయినప్పుడు ఇన్ని చావులు ఎవరి ఖాతాలో పడుతున్నాయో ఆమెకు తేలలేదు.

ఇంటికి తిరిగొస్తుంటే ఎండ చురుక్కుమంటోంది. పుంజు చంకలో కదలకుండా, కళ్ళు సగం మూసుకుని, కునుకు తీస్తోంది. దాని గుండె ఆమె పక్కటెముకలకు తగులుతూ టకటక కొట్టుకుంటోంది. ఒక ప్రాణి ఇంతసేపు తన ఒంటిని ఆనుకుని ఉండి ఎన్నేళ్ళయిందో బయమ్మకు గుర్తు రాలేదు. అలా అనిపించగానే తనమీద తనకే అసహ్యం వేసింది. కోయించడానికి ఊరంతా తిప్పుతూ, దాని వెచ్చదనానికి ఆశపడుతోంది.

వదిలేద్దామా అనుకుంది. పప్పు చేసి సంగటి పెడితే రామక్క తినదా? తింటుంది. తిని, చెయ్యి కడుక్కుని, బస్సెక్కి పోతుంది. ఊళ్ళో వంద కోళ్ళు తిరుగుతుంటే అక్క పప్పు పోసిందన్న మాట మనసులో పెట్టుకునే పోతుంది. ఆ తర్వాత ఈ వాకిట్లోకి ఎవరూ రారు. బయమ్మ చచ్చినప్పుడు తప్ప.

మొగుడి కత్తి చూరులో ఉంది. తీసి, బండమీద నీళ్ళు చల్లి నూరింది. మొగుడు కోసేటప్పుడు ఆమె ఎప్పుడూ ఇంట్లోకి వెళ్ళిపోయేది. మొగుడు పోయాక బుడేన్ సాబ్ దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు గోడ వైపు తిరిగి నిలబడేది. ఇన్నేళ్ళు తిన్నది, ఒక్కసారి కూడా కళ్ళారా చూడలేదు. చూడకపోతే తనకు సంబంధం లేనట్టే అనుకుంది కాబోలు.

పుంజు ముక్కు తెరిచి నీళ్ళు పోసింది. అది తాగింది. బుడేన్ సాబ్ ఏం చదివేవాడో ఆమెకు రాదు. దేవుడి పేరు తీసుకోవడానికి కూడా మనసొప్పలేదు, తన పనికి ఆయన్నెందుకు సాక్ష్యం పిలవడం? "నాయనా, ఇది నా పనే. ఇంగెవురి మీదా ఎయ్యను" అంది పైకే. వాకిలంతా ఖాళీ. విన్నది పుంజొక్కటే.

రెక్కలు కుడికాలి కింద, కాళ్ళు ఎడమకాలి కింద తొక్కిపట్టింది. మెడ సాగదీసి కత్తి పెట్టింది. మొదటి లాగు సరిగ్గా పడలేదు. పుంజు ఒక్క ఉదుటున గింజుకుంది, రెక్కలూ కాళ్ళూ ఆమె పాదాల కింద నుంచి జారిపోయాయి, గోళ్ళు ఆమె ముంజేతిని చీరేశాయి. దాని గుండ్రటి కన్ను ఆమెనే చూస్తోంది. అప్పుడు ఆపితే అంతకన్నా ఘోరం. బయమ్మ ఏడుస్తూ, మోకాలితో అదిమిపెట్టి, రెండోసారి కోసింది. ఈసారి కళ్ళు మూసుకోలేదు.

అది ఆగేదాకా అక్కడే కూలబడి ఉంది. తర్వాత లేచి, రక్తం మీద బూడిద చల్లి, చీర మార్చుకుంది. వేణ్ణీళ్ళు పెట్టి బొచ్చు పీకింది. ఆ పనులు చేతులకు ఎప్పటినుంచో వచ్చినవే కాబట్టి వాటంతటవే జరిగిపోయాయి. కొబ్బరి, గసాలు నూరి, పులుసు ఉడుకుతుండగా సంగటి కెలికింది. ముందుగా ఓబిలేష్ ఇంట్లో ఒక గిన్నె ఇచ్చి వచ్చింది.

రామక్క బస్సు దిగి వచ్చింది. కళ్ళకు మందేశారట, నల్లద్దాలు పెట్టుకుని ఉంది. సగం మనిషైపోయింది. "ఏమక్కా, ఇట్ల అయిపోయినావు" అని ఆమే ముందు అంది. బయమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. చాప పరిచింది. సంగటిముద్ద పెట్టి, రెండు తొడముక్కలూ వేసి, పులుసు పోసింది. తానూ ఒక తట్టలో సంగటి, ఉత్త పులుసు పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. రామక్క ముద్ద విరిచి అద్దుకుని తిన్నది. "కారం సరిపోయిండాది" అంది. బయమ్మకు ప్రాణం లేచొచ్చింది.

కొంచెంసేపయ్యాక రామక్క నల్లద్దాలు తీసి పక్కన పెట్టింది. "నీ తట్టలో ముక్కేది?"

"పొద్దున్నుంచి కడుపు బాగలేదులే."

"ఎవురు కోసినారు?"

ఈ ప్రశ్న వస్తుందని బయమ్మకు తెలుసు. "ఓబిలేసు" అంది.

"ఓబిలేసు కోస్తే నీ చెయ్యెందుకు చీరుకుపాయ?"

ముంజేతి మీద పసుపు పెట్టిన గీతలు మూడు కనబడుతున్నాయి. బయమ్మ చెయ్యి కొంగు కిందికి లాక్కుంది గాని లాభం లేకపోయింది. "నేనే కోసినా రామీ. ఊరంతా తిరిగినా, ఎవురూ కొయ్యకపాయిరి. ఆడదాని చెయ్యి అని నువ్వు తినవేమోనని అబద్ధం చెప్పినా." చీరుకుపోయిన చెయ్యి కొంగు కిందనుంచి బయటికి తీసింది. "ఒక్క ఏటుకు తెగలేదే. రెండుసార్లు కోసినా. అది నన్నే చూస్తాండె."

రామక్క తినడం ఆపింది. లేచిపోతుందని బయమ్మ అనుకుంది. లేవలేదు.

"మొన్న ఉగాది మర్నాడు నేనూ కోసినా" అంది రామక్క, తట్టలోకి చూస్తూ. "ఊరంతా కూర వాసన. మా ఇంట్లో పొయ్యి గూడా ముట్టించలేదు. రోసమొచ్చింది. పెట్టను పట్టి, దొడ్లో నేనే కోసినా. నాకూ ఒక్క ఏటుకు పోలేదు. వండినా, తట్టలో పెట్టుకుని కూచున్నా. ఎదురుగా ఎవురున్నారక్కా? ఒక్క ముక్క లోపలికి పోలేదు. మిగిలింది తినేవాళ్ళు లేరు, పెట్టేదానికి మనిషి లేదు. చీకటి పడేదాకా చూసి, కుక్కలకేసినా."

"నాకు ఫోన్ చేయకూడదా?"

"నీ నంబరు తీసినా. సిగ్గయ్యింది." ముక్కు చీదుకుంది. "కోసినందుకు నేను ఏడవలేదక్కా. దాని ప్రాణం తీసి, అది ఎవురి కడుపుకూ పనికి రాకుండా చేసినందుకు ఏడ్చినా. ఈ పొద్దుకూ నాకు అది పోలేదు."

తన తట్టలోంచి ఒక తొడముక్క తీసి బయమ్మ తట్టలో వేసింది. "తిను."

"నావల్ల కాదే."

"ఏడ్చుకుంటానే తిను. కోసినప్పుడు లేచిన చెయ్యి ఇప్పుడు లేవదా?"

బయమ్మ తిన్నది. కళ్ళనీళ్ళు ముక్కులోకి జారుతుంటే తుడుచుకుంటూ తిన్నది. కూర బాగుంది. అలా బాగుండడమే ఆమెకు అన్నిటికంటే కష్టంగా అనిపించింది. ఇద్దరూ గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నారు. పారేయడానికి ఎముకలు తప్ప ఏమీ మిగల్లేదు.

సాయంత్రం బస్సుకు రోడ్డు దాకా సాగనంపింది. ఎండ తగ్గినా రామక్క మళ్ళీ నల్లద్దాలు పెట్టుకుంది. బస్సు మెట్టెక్కి, కమ్మీ పట్టుకుని, వెనక్కి వంగి అంది: "ఇంగ ఒక్కదానివే కొయ్యొద్దక్కా. ముందే ఫోన్ చెయ్యి, వస్తా. రెక్కలు నేను పట్టుకుంటా."

బయమ్మ తలూపింది. బస్సు కదిలిపోయింది. ఎన్నో ఏళ్ళకు ఒక మనిషి తనను పిలవమని చెప్పి వెళ్ళింది, అదీ ఒక ప్రాణం తీసే పనికి. సంతోషపడాలో సిగ్గుపడాలో తెలియక, రెండూ ఒకేసారి పొంగుకొస్తుంటే, బయమ్మ ఆ రోడ్డుమీద చాలాసేపు నిలబడిపోయింది.